నూకరాజు వ్రాతబల్ల

చైత్రము కడముట్టవచ్చెను. ఆకసము నిప్పుసెగ సోకిన కంచుపళ్ళెమువలె తెల్లబాఱియుండెను. గోదావరినుండి చీలి కొబ్బరితోటల నీడలను తాటితోపుల బారులను తన యద్దమున చూపుచు సముద్రాభిముఖముగ పాఱు పెద్దకాలువ వేసవి మరమ్మతులకై రానున్న అమావాస్యనాడు కట్టివేయబడునని దండోరా పడినది మొదలు పెదలాకుకడ పడవల సమ్మర్దము చెప్పనలవిగాకుండెను. ధాన్యపుపడవలును పెంకుపడవలును ఉప్పుపడవలును కొబ్బరికాయలు గుట్టలుగ పోసికొన్న నాటుపడవలును నీరుండగనే గమ్యము చేరవలయునను ఆతురతతో ఒకదాని మూపున నొకటి యెక్కినట్లు నీటిని ఆపి వదలు లాకుతలుపుల యెదుట క్రిక్కిఱిసి గడలు గడలకు తాకుచు త్రాళ్ళు త్రాళ్ళతో పెనగుచు సరంగుల తిట్లు తిట్లకు తగులుచు ఆ మధ్యాహ్నపుటెండను మఱింత మండించుచుండెను. కాలువ కట్టిన పిదప నెలకుపైగ ఆ ప్రాంతమున మనిషి కదలవలయునన్న గతుకుల గట్టుమీద ఎడ్లబండియే దిక్కు.

ఆ సందడికంతకును ఎడముగ లాకుగోడమీద ఒక వృద్ధుడు కూర్చుండి వచ్చిన ప్రతి పడవను తేఱిపాఱ చూచుచుండెను. అతడు పెమ్మాడి నూకరాజు. యౌవనమంతయు చుక్కాని పట్టి గడపినవాడు. దూలము పడి కుడిమోకాలు నలిగిననాటినుండి గట్టెక్కి కూర్చున్నవాడు. తాళపుచెవి పోయిన పెట్టెవంటి నోరు గలవాడు. అతడెప్పుడైన నాలుగు మాటలు వరుసగ పలికినచో అతని యిల్లాలు కాసులమ్మ వాకిటికి వచ్చి "ఇయ్యాల మా ఇంట్లో ఉపన్యాసం అయ్యిందర్రా!" అని ఇరుగుపొరుగువారికి చాటుచుండెడిది. ఐనను ఆ మౌనమును శాంతమని తలచినవారు పొరపడిరి. అది మూకుటిక్రింది నిప్పు.

అతడు వెదకుచున్నది మాణిక్యమును. మాణిక్యము అతని యన్నకూతురు. తల్లిదండ్రులిరువురును ఒక్క వానకాలమున మశూచికమునకు బలియై పోగా ఉయ్యాలలోని ఆ పసికందును తెచ్చి బిడ్డలు లేని ఆ దంపతులు తమ కంటిపాపగ పెంచిరి. ఉప్పుటేటిరేవున అప్పాయమ్మ యను వితంతువు చిన్నకొడుకునకిచ్చి పెండ్లి చేసిరి. అల్లుడు మంచివాడే. కాని ఏడాదిలో పదినెలలు దూరపు మిల్లులో పనిచేయుచు మిగిలిన రెండునెలలు తల్లియెదుట తలవంచుకొని తిరుగువాడు. ఇప్పుడు మాణిక్యమునకు నెలలు నిండెను. తొలికానుపు పుట్టింట జరుగుట లోకాచారము. అది ఆచారమే యైనచో నూకరాజు అంతగ తల్లడిల్లడు. అప్పాయమ్మ పెద్దకోడలు పోయిన యేడు ఆ యింటనే పురిటిలో చనిపోయెను. నొప్పులెత్తి దినము గడచినను మంత్రసానిని పిలువనంపక "మా ఇంట్లో పురుళ్ళన్నీ నా చేతిమీదే" అని అప్పాయమ్మ భీష్మించుకొని కూర్చుండెనట. తల్లియు బిడ్డయు ఒక్క పాడెమీద పోయిరి. ఆ గదిలోనే, ఆ మంచముమీదనే, ఇప్పుడు మాణిక్యము ప్రసవింపవలసి యున్నది.

ఏడవ నెలలో కాసులమ్మ గాజులును చలిమిడియు పట్టుకొని పడవయెక్కి పోయి పిల్లను పంపుమని అడిగెను. అప్పాయమ్మ పీటవేసి మజ్జిగయిచ్చి పైట సవరించుకొని ఇట్లనెను.

"నోటిమాట మీద కోడల్ని పంపించే కొంప కాదు వదినా మాది. పద్ధతిగా అన్నయ్యగారి చేత ఉత్తరం రాయించండి. తపాలా బంట్రోతు మా అరుగు మీద నిలబడి చదవాలి, నలుగురూ వినాలి. అప్పుడు చూద్దాం."

ఉత్తరము వ్రాయించిరి. పెదలాకున ఉత్తరములు వ్రాయువాడు పేరిశాస్త్రి. ఆయన తపాలాకచేరి యరుగుమీద వ్యాఘ్రచర్మము పఱచుకొని కూర్చుండి పడవవారికిని పల్లెవారికిని జాబులు వ్రాసిపెట్టుచుండెను. ప్రతిఫలమేమియు కోరడు. తన వాక్యము దూరదేశమున పదుగురి చెవుల పడునను సంతోషమే ఆయనకు చాలును. నూకరాజు ఆయనయెదుట నిలిచి "పిల్లని పంపు" అని చెప్పెను. కలము బహుసేపు కదలెను. అంతసేపు ఏమి వ్రాయుచున్నాడో నూకరాజునకు తెలియలేదు. ఉత్తరమన్న అంత యుండును గాబోలునని యూరకుండెను. జవాబు వచ్చెను, తగిన సమయమున ఆలోచింతుమని. మరల వ్రాయించెను. మరల అదే మాట చెప్పెను. జవాబు వచ్చెను, ఇంకొక యుత్తరము వ్రాయింపుడని. మూడవదియు పోయెను. అమావాస్య దగ్గఱపడెను. లాకుగోడమీద నూకరాజు కన్నులు కాయలు కాచెను.

ఆ మధ్యాహ్నమున ఉప్పుపడవ లోవరాజు తన పడవను లాకులో నిలిపి గట్టెక్కి వచ్చి నూకరాజు భుజముమీద చేయివేసి పండ్లికిలించెను.

"తాతా, నీ ఉత్తరం నిన్న విన్నానే! ఉప్పుటేటిరేవులో వీధి వీధంతా విన్నారు. ఏం రాయించావయ్యా బాబూ! నోరు విప్పవు గానీ విప్పితే పన్నీరే."

"ఏం విన్నావు?"

"అదే... 'కల్పవృక్షచ్ఛాయవంటి తమ దివ్యగృహమందు మా చిరంజీవి నివసించుట మా పూర్వజన్మ సుకృతము, తమ చిత్తమునకు ఎప్పుడు తోచిన అప్పుడే పంపవచ్చును, మాకు తొందర లేదు' అని. నాకు నోటికొచ్చేసింది, రెండుసార్లు చదివించింది మరి! అప్పాయమ్మ చాప పరిపించి, ఆడాళ్ళందర్నీ పిలిచి, మధ్యలో తను పెళ్ళికూతురిలా కూచుంది. ఎవరో అన్నారు, పాపం పిల్లని పంపెయ్యరాదా అని. 'పంపేస్తే ఇంక ఇలాంటి ఉత్తరాలు నాకెవడు రాస్తాడే' అని పకపకా నవ్వింది."

నూకరాజు నవ్వలేదు. "పిల్ల ఎలా ఉంది?" అని మాత్రమడిగెను.

లోవరాజు ముఖమున నవ్వు చల్లాఱెను. "కాళ్ళు పొంగాయి తాతా. ఆ కాళ్ళతోనే బిందె మోస్తోంది. నేను వెళ్ళొస్తుంటే దొడ్డిదారిన వచ్చి అడిగింది, 'చిన్నాన్న తొందర లేదన్నాడా అన్నా' అని. నేనేం చెప్పను?"

ఆ మాట నూకరాజు చెవిని పడుటయే తడవుగ అతని కంఠమున నరములు త్రాళ్ళవలె పొంగెను. మూడుమాఱులు తాను తన గుండెను కోసి రెండు మాటలుగ చేసి ఒక మనిషి చేతిలో పెట్టగా ఆ మనిషి ఆ గుండెకు జరీయంచు కుట్టి గంధము పూసి పగవారి యరుగుమీద ఆటబొమ్మగ నిలబెట్టెననియు, ఆ బొమ్మ యాటకు మురిసిన ఆ గయ్యాళి ఆట ఆగకుండుటకై తన బిడ్డను మృత్యుముఖమున నిలిపియుంచుచున్నదనియు, అన్నింటను దారుణముగ ఆ బిడ్డ తన చిన్నాన్నకు తొందర లేదని నమ్మి బిందె మోయుచున్నదనియు ఒక్క క్షణమున అతనికి బోధపడెను. అతడు కఱ్ఱ యూతగ లేచి కుంటుచు తపాలాకచేరికి పోయెను.

పేరిశాస్త్రి అరుగుమీద ఒక పెంకుల వర్తకునకు జాబు చదివి వినిపించుచుండెను. చుట్టును పదిమంది చేరియుండిరి.

"ఏమోయ్ నూకరాజూ, నాలుగోది రాయాలా? కూచో."

"నేనేం చెప్పాను పంతులుగారూ?"

"ఏం చెప్పడమేమిటి? పిల్లని పంపు అన్నావు. నేను దానికి రక్తమాంసాలు పోశాను."

"తొందర లేదని ఎవడన్నాడు?"

శాస్త్రి కలము దించి ఓర్పుతో నవ్వెను. "అదొక మర్యాదోయ్. వియ్యాలవారికి తొందర అని రాస్తే చెంప మీద కొట్టినట్టుంటుంది."

"కొట్టండి."

"నా కలం ఇంతవరకూ ఎవర్నీ కొట్టలేదు. కావలిస్తే నువ్వే రాసుకో. వీధిబడిలో మూణ్ణెల్లు వెలగబెట్టావుగా!"

అరుగుమీది పదిమందియు ఫక్కుమనిరి. ఒకడు "తాత రాసేటప్పటికి ఆ పిల్ల కడుపులో బిడ్డకి పెళ్ళీడు వస్తుంది" అనెను. నూకరాజు ఆ నవ్వులన్నియు సద్దుమణగువఱకు కదలక నిలిచి "రాసుకుంటాను" అని కిటికీకడ కార్డులు కొన్ని పుచ్చుకొని యింటికి మరలెను.

ఇట్లు ఆ పడవవాని తాటాకుటింట వ్రాతశాలా నిర్మాణమునకు నాంది జరిగెను. ధనవంతుల యిండ్ల దంతపు పిడుల బల్లలును వెండి సిరాబుడ్లును చూచినవారు ఆ నిర్మాణమును చూచి నవ్వుదురేమో, నవ్వుదురు గాక! అటకమీద తన పాతపడవ చుక్కానికడ తాను నిలుచు పలక యొకటి దాచియుండెను. దానిని దింపి కొబ్బరిపీచుతో నునుపుగ తోమి వెలుతురు బాగుగ పడు పెరటివసారాలో వంటింటినుండి తెచ్చి బోర్లించిన రెండు బానలమీద నిలిపెను.

"ఆ బానల్లో ఉప్పుచేప ఉండేది. నేల మీద పోశావా?" అని కాసులమ్మ కేకవేసెను.

అతడు పలక కదలకుండ బానక్రింద ఒక పెంకుముక్క దోపెను.

"దేవుడా, ముసలాడికి మతిపోయింది! ఉత్తరం రాస్తాడంట, చేప నేలపాలు చేసి!"

అతడు కొబ్బరియీనెలను వంచి నారతో కట్టి కార్డులు నిలుచుటకొక చిన్న గూడు చేసెను. దీపపుమసిని గీఱి తుమ్మజిగురు నీటిలో నానబెట్టి రెండును కొబ్బరిచిప్పలో వేసి మెత్తగ నూఱి సిరా చేసెను. కాలువయంచు రెల్లును కోసి కొన చీల్చి కలము చేసెను. తడి పీల్చుటకై సన్నని యిసుకను జల్లించి వేఱొక చిప్పలో పోసెను. పొయిలోని బూడిదపాటి ధరయు చేయని ఈ సామగ్రినంతయు అతడు అమర్చిన తీరు చూచినచో యుద్ధమునకు పోవువాడు ఆయుధములు సర్దుకొనుచున్నట్లుండెను. కాసులమ్మ గొణుగుడు మాని గుమ్మమున నిలిచి చూచెను. పెండ్లినాటినుండి అతనికి ఇంత కోపము వచ్చుట ఆమె చూచి యుండలేదు.

అంతయు సిద్ధమైన పిదప అతడు బల్లయెదుట చాపమీద మోకాలు చాచుకొని కూర్చుండి కలము ముంచి కార్డుమీద పెట్టెను. కలము విఱిగెను. మఱియొకటి చెక్కెను. అది కార్డును చించి పెద్ద మచ్చ చేసెను. మూడవది కార్డుమీదనే నిలిచిపోయెను. ఏలనన అతడు కలము పట్టుట యెన్నడు నేర్వలేదు. వీధిబడి పంతులు పిల్లలచేత ఇసుకలో చూపుడువ్రేలితో అక్షరములు దిద్దించెడివాడు. ఇసుకనుండి పలకకును పలకనుండి తాటాకునకును పోవులోపలనే తండ్రి అతనిని పడవమీదికి లాగుకొని పోయెను. అక్షరములతనికి వ్రేలికొనయందు కలవు. కలముకొనయందు లేవు.

"ఆయన చేతే రాయించకూడదా?" అని కాసులమ్మ మెల్లగ ననెను.

"ఆ చెయ్యి నరుకుతాను."

ఆ మాట అన్నది అతడేనా యని కాసులమ్మ విస్తుపోయెను. నూకరాజు చేటలో ఇసుక పోసి చదునుచేసి వ్రేలితో దిద్దెను. మొదటి యక్షరము వచ్చెను. రెండవదాని క్రింది ఒత్తు చాలసేపటికి గాని రాలేదు. చెఱిపెను. మరల దిద్దెను. తన బిడ్డను పిలుచుటకు తన చేతిలో రెండు మాటలైన లేకపోయెనే యను ఉక్రోషముచే అతని కనుల నీరు తిరిగి ఇసుకలో పడెను. దానినిగూడ చెఱిపెను. తుదకతడు కలమును దూరముగ విసరివైచి చూపుడువ్రేలిని ఆ నల్లని చిప్పలో ముంచి కార్డునే యిసుకగ తలచి దిద్దసాగెను. ఆ వ్రేలు చుక్కాని పిడిమీద మోటుబాఱిన వ్రేలు. ఒక్కొక్క యక్షరము రేగుపండంత పడెను. 'పిల్లని' యనునప్పటికే కార్డు సగము నిండెను. 'పంపు' అనునప్పటికి చోటు తీఱెను. అరచేతి మసి అంటి కార్డుకొసలన్నియు నల్లనయ్యెను.

"పైన క్షేమం అని రాయవా? అందరూ రాస్తారు" అని కాసులమ్మ యడిగెను.

"క్షేమం ఎక్కడుంది?"

"నీ పేరైనా పెట్టు."

అతడు కార్డును త్రిప్పి చూచెను. పేరునకు చోటు లేదు. "వాళ్ళకి తెలుస్తుంది" అని ఇసుక చల్లి ఆర్చి తపాలాబంట్రోతుచేతికిచ్చి రెండవవైపున చిరునామా వ్రాయుమనెను. బంట్రోతు దానిని రెండువ్రేళ్ళతో పట్టుకొని "తాతా, ఇది ఉత్తరమా, పొయ్యిలో పడి లేచిందా?" అని నవ్వి పెన్సిలుతో ఊరును పేరును వ్రాసి సంచిలో వైచెను. సంచి ఆ సాయంకాలమే తపాలాపడవలో ఉప్పుటేటిరేవునకు పోయెను.

అమావాస్య వచ్చెను. లాకు కళాసీలు తలుపులు మూసి అడ్డుపలకలు దింపుటకు త్రాళ్ళు సరిచూచుకొనుచుండిరి. నూకరాజు గోడమీద కూర్చుండెను. ధాన్యపుపడవ పోయెను. పెంకుపడవ పోయెను. పొద్దు వాలెను. లాకుమేస్త్రి "ఇంక ఒక్క పడవ, అంతే" అని కేకవేసెను. అప్పుడు మలుపుకడ లోవరాజు ఉప్పుపడవ కానవచ్చెను. దాని నడుమ ఒక యాడుది జుట్టు విరబోసికొని నిండుకడుపును రెండుచేతుల పట్టుకొని "చిన్నాన్నా! నన్ను చూడకుండా పోయావా చిన్నాన్నా!" అని గుండెలు పగులునట్లు ఏడ్చుచుండెను. లోవరాజు భార్య ఆమెను పొదివి పట్టుకొని తానును ఏడ్చుచుండెను.

నూకరాజు దిగ్గున లేచెను. చేతికఱ్ఱ జాఱి నీళ్ళలో పడెను. పడవ గట్టునకు ఆనుకొనెను. లోవరాజు తలయెత్తి అతనిని చూచి గడ వదలివేసెను.

"తాతా! నువ్వు... బతికున్నావా?"

"ఏం?"

"ఏం అంటావేంటయ్యా! ఊరు ఊరంతా నీకోసం ఏడ్చింది, మేమూ ఏడ్చుకుంటూ వచ్చాం!"

అని లోవరాజు ఏడుపును నవ్వును కలిసిపోవుచుండగ జరిగినదంతయు చెప్పెను. "నీ కార్డు వచ్చింది. అప్పాయమ్మ ఎప్పట్లాగే చాప పరిపించింది. వీధంతా పిలిచింది. తలదువ్వుకుని కూచుంది. బంట్రోతు సంచీలోంచి కార్డు తీశాడు. చూస్తే అంచులన్నీ మసి! ఆడాళ్ళు ఒక్కసారిగా అరుగు దూకేశారు, 'చావుకార్డురా నాయనా, గడప దాటించకు' అని. పైన క్షేమం లేదు. కింద ఎప్పుడూ ఉండే నీ పేరు లేదు. వీధిలో నిలబడి చదివాడు, 'పిల్లని పంపు' అని. అంతే! ఇంకేముంది, కడసారి చూపుకి పిలిచారన్నారు. అప్పాయమ్మ నేల మీద పడి దొర్లింది తాతా! 'కల్పవృక్షమని రాసిన చెయ్యి ఆరిపోయిందా అన్నయ్యా, ఇంక నాకెవరు రాస్తారు అన్నయ్యా' అని."

ఆ ప్రాంతమున మృతివార్త తెలుపు కార్డు కొసలకు మసి పూయుదురు. అందు క్షేమమను మాట యుండదు. పెంచిన తండ్రి ఆఖరి చూపునకు కూతురిని పంపకుండుటకు ఎంత కఱకుగుండె యత్తగారికైనను ధైర్యము చాలదు, వీధి యూరుకొనదు. అప్పాయమ్మ ఏడ్చుచునే కోడలిని పడవయెక్కించెను.

లాకుగట్టున నున్నవారందఱును విని కడుపుబ్బ నవ్విరి. కళాసీలు త్రాళ్ళు వదలి నవ్విరి. "తాతా, చచ్చి సాధించావు!" అని మేస్త్రి చప్పట్లు చఱచెను.

మాణిక్యము నవ్వలేదు. ఆమె లోవరాజు భార్యచేయి విదిలించుకొని గట్టెక్కి నూకరాజుయెదుట నిలిచి అతనిని ఆపాదమస్తకము చూచి రెండు పిడికిళ్ళతో అతని ఱొమ్ముమీద కొట్టెను. మరల కొట్టెను.

"దారంతా ఏడ్చాను. కడుపులో బిడ్డ కూడా కదల్లేదు, అంత ఏడ్చాను. తొందర లేదన్నావు. తరవాత చచ్చిపోయావన్నారు. రెండూ అబద్ధమేనా?"

"మొదటిది నేననలేదు. రెండోది నేను చెయ్యలేదు" అని అతడు దెబ్బలు తినుచునే పలికెను.

"మరి నవ్వుతారేం వీళ్ళు?"

నూకరాజు చుట్టును చూచెను. అతని చూపు తగిలినచోటనెల్ల నవ్వు తెగిపోయెను. "నవ్వకండి" అనెను. మేస్త్రి చేతులు జాఱవిడిచెను. "నేను బతికుండి మూడుసార్లు అడిగాను. పంపలేదు. చచ్చాననుకుని పంపారు. ఇందులో నవ్వడానికేముంది?"

కేకలు విని గట్టునకు పరుగున వచ్చిన కాసులమ్మ ఉపన్యాసమయ్యెనని చాటలేదు. ఆమె కోడిపిల్లను రెక్కక్రిందికి తీసికొనునట్లు మాణిక్యమును తీసికొని యింటికి నడచెను. వెనుక లాకుతలుపులు మూతపడెను. మంత్రసాని అంతకుముందే వచ్చి వసారాలో తాంబూలము నమలుచు కూర్చుండియుండెను.

మఱునాటి ప్రొద్దుట పేరిశాస్త్రి స్వయముగ వచ్చెను. జరిగినది ఊరెల్ల పాకియుండెను. ఆయన పెరటిలోనికి తొంగిచూచి బానలమీది పలకను మసిచిప్పను రెల్లుముక్కలను చూచి ముక్కుమీద వ్రేలు వేసికొనెను.

"ఎంత అపశకునం చేశావయ్యా! నిండుచూలాలి ఇంటికి చావుకార్డా! పోనీలే, చేరినట్టు ఉత్తరం రాయాలి కదా, నేనొక మంచిది రాసి సర్దుతాను. పొరపాటు మన్నించమని, తమ ఔదార్యం సముద్రమని..."

గుమ్మమున గోడకానుకొని కూర్చున్న మాణిక్యము తలయెత్తెను. "వద్దు పంతులుగారూ. మీరు చాలా బాగా రాస్తారు. మళ్ళీ బాగా రాస్తే మా అత్త నన్ను మళ్ళీ తీసుకుపోయి ఇంకో మూడు ఉత్తరాల దాకా కూచోబెడుతుంది."

శాస్త్రి ముఖము జేవురించెను. "ఈ వేలిరాత చూస్తే సరస్వతి ఏడుస్తుంది" అని కండువా దులుపుకొని పోయెను. ఆయన తన వాక్యముల సౌందర్యమును ఆ దినమునకును సందేహింపలేదు. లోకమున అట్టివారు సందేహింపరు. ఒకరి ఆర్తినాదమునకు తమ చాతుర్యమును తొడిగి అది వినువారికి చక్కగ వినిపించుటచేతనే అర్థమయ్యెనని తలచి తృప్తిగ నిద్రింతురు. వినువారును అంతే. ప్రాణముతోనున్నవాడు గుండె చీల్చుకొని యడిగినచో వినోదముగ వినుదురు. వాడు చచ్చెనన్నచో గుండెలు బాదుకొని అడిగినదంతయు ఇత్తురు. బ్రదికినవాని మాటకు తెఱవని తలుపు చచ్చినవాని పేరునకు తెఱచుకొనును. అట్టి తలుపులకు వేయిదండములు పెట్టుటకంటె ఒకసారి కాలితో తన్నుట మేలు.

మాణిక్యము మెల్లగ జరిగి బల్లకడకు వచ్చి కూర్చుండెను. "చిన్నాన్నా, కార్డు తియ్యి. నేను చెప్తాను, రాయి."

"క్షేమం అని..." అని కాసులమ్మ అనబోయి నాలుక కఱచుకొనెను.

"చెప్పు" అని నూకరాజు వ్రేలిని చిప్పలో ముంచెను.

"చిన్నాన్న బతికే ఉన్నాడు, అని రాయి."

అతడు వ్రాసెను. చిటికెనవ్రేలితో వ్రాయుటచే ఈసారి అక్షరములు కొంత చిన్నవయ్యెను. ఐనను కార్డు నిండెను. ఆమె కొబ్బరియీనెల గూటినుండి రెండవ కార్డు తీసి అతనియెదుట పెట్టెను. అప్పుడామె నడుమున ఒక నొప్పి మెలిపెట్టి పోయెను. పలక యంచును గట్టిగ పట్టుకొని అది పోవువఱకు కన్నులు మూసికొనెను. మంత్రసాని తాంబూలముమిసి లేచి నిలిచెను. కాసులమ్మ నీళ్ళు కాచుటకు లోనికి పరుగిడెను.

"లోపలికి పద" అని నూకరాజు అనెను.

"పోతాను. ఇది రాశాకే పోతాను." ఆమె కన్నులు తెఱచెను. ఆ కన్నులలో భయము లేకపోలేదు. కాని దానిమీద కోపము కూర్చుండియుండెను. "నేనూ బతుకుతాను. అని రాయి."

అతడు వ్రేలిని మరల చిప్పలో ముంచెను. పిదప ఒక్కొక్క యక్షరమును కార్డుచిరుగునంత బలముగ అదిమి దిద్దెను. పెరటిగాలి వచ్చి తడియారని ఆ కార్డును ఎగురవేయబోగా మాణిక్యము చేయిచాచి దాని మూలను నొక్కిపట్టెను. చేయి తీయునప్పటికి ఆమె బొటనవ్రేలి ముద్ర నల్లగ స్పష్టముగ అక్షరముల క్రింద పడియుండెను. ఆమెకు వ్రాత రాదు. పేరునకు ఇంకేమియు అవసరము లేకపోయెను.

ఆమె గోడ పట్టుకొని లేచి మంత్రసానివెంట లోనికి నడచెను.